మోకాలి దగ్గర విరిగితే చిన్న కోత సరిపోతుందా?

బైకు ప్రమాదంలో మోకాలి దగ్గర ఎముక విరిగినవారి బంధువులకు ఈమధ్య ఆస్పత్రుల్లో తరచూ వినిపిస్తున్న మాట 'మిపో'. కాలంతా కోయకుండా, రెండు మూడు చిన్న కోతల్లోంచి చర్మం కిందుగా ప్లేటు జొనిపి స్క్రూలు బిగించే పద్ధతి ఇది. మచ్చ చిన్నదవుతుందని రోగులు సంతోషిస్తారు. వైద్యులు ఈ దారి పట్టింది మాత్రం రక్తప్రసరణ కోసం.

1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ఏఓ బృందం మొదట్లో నేర్పింది వేరు: విరిగిన చోటును పూర్తిగా తెరవాలి, ముక్కలన్నీ అతికినట్టు పేర్చాలి, ప్లేటుతో గట్టిగా నొక్కిపెట్టాలి. ఎక్స్‌రేలో అది ముచ్చటగా కనిపించేది. కానీ ఆ క్రమంలో ఎముకకు రక్తం అందించే పొర, కండరాలు దెబ్బతినేవి. కొందరికి ఎముక అతకడం ఆలస్యమయ్యేది, ఇన్ఫెక్షన్ వచ్చేది. 1990లలో జర్మనీలోని హనోవర్‌లో క్రెట్టెక్ తదితరులు ముక్కల జోలికి పోకుండా పొడవు, వంపు, మెలిక సరిచేసి వదిలేయడం మేలని చూపారు. స్క్రూ తల ప్లేటులోని మరలోకే బిగుసుకునే లాకింగ్ ప్లేట్లు రావడంతో ప్లేటును ఎముకకు అదమాల్సిన అవసరమూ తగ్గింది.

అయితే విరుగుడు కీలులోకి పాకితే ఈ ఉదారత చెల్లదు. మృదులాస్థి ఉన్న నున్నటి తలాన్ని వీలైనంత కచ్చితంగా కలపాల్సిందే. అక్కడ మెట్టు మిగిలిపోతే అరుగుదల ముప్పు పెరుగుతుంది. అందుకే సీటీ స్కాన్ అడుగుతారు. అవసరమైతే కీలు దగ్గర పెద్ద కోతే పెడతారు, దాన్ని పాత పద్ధతి అనుకోనక్కర్లేదు. చిన్న కోతకూ ఇబ్బందులున్నాయి. ఎముక కంటికి కనబడదు, సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెరను నమ్ముకోవాలి. కాలు కాస్త మెలిక తిరిగి అతికితే ఆ తెర మీద పట్టుకోవడం కష్టం.

బంధువులను ఎక్కువగా విసిగించేది నిరీక్షణ. 'వారమైనా ఆపరేషన్ చేయరేం?' అని డాక్టర్లతో తగాదా పడేవారున్నారు. వాపు తీసి చర్మం మీద ముడతలు కనబడకముందే కోత పెడితే గాయం మానకపోవచ్చు. అప్పటిదాకా బయటి నుంచి ఫ్రేము కట్టి ఉంచుతారు. ఆగకూడని సందర్భాలు వేరే: పాదం చల్లబడినా, స్పర్శ తగ్గినా, మందులకూ లొంగని నొప్పితో పిక్క రాయిలా బిగిసినా గంటలే లెక్క. మోకాలి వెనక రక్తనాళం తెగి ఉండొచ్చు, లేదా కండరాల్లో పీడనం పెరుగుతూ ఉండొచ్చు. ఆ స్థితిలో పుత్తూరు కట్టుకు బయల్దేరడం కాలునే పణంగా పెట్టడం.

ఆపరేషన్ తర్వాత మోకాలిని త్వరగానే వంచమంటారు, బరువు మాత్రం మోపనివ్వరు. కీలు పగిలినవారికి ఈ ఆంక్ష సాధారణంగా రెండు మూడు నెలలుంటుంది. రోజుకూలీ ఇంట్లో ఆస్పత్రి బిల్లుకన్నా ముందుగా లెక్కేసుకోవాల్సింది ఆ నెలల్నే.