డిస్కు తీసేస్తే ల్యాప్‌టాప్ ఎందుకు లేవలేదు?

పిల్లలూ, సాయంత్రం పూట హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ నుంచి అమీర్‌పేట మైత్రీవనం వైపు నడిచి చూడండి, దారి పొడవునా బ్యాగులు తగిలించుకున్న మీ ఈడు వాళ్లే కనిపిస్తారు. అక్కడి కంప్యూటర్ కోర్సుకు లినక్స్ కావాలంటారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. అందులో నాన్న ఆఫీసు లెక్కలు, అమ్మ దాచుకున్న పెళ్లి ఫొటోలు. దాని జోలికి వెళ్తే ఇంట్లో ఊరుకోరు. అందుకని ఒక ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొని దాంట్లో ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటారు. మంచి ఆలోచనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, పాత ల్యాప్‌టాప్‌లున్న పెద్దవాళ్లు కూడా ఈ దారి పడుతున్నారు.

మా మనవడూ అదే చేశాడు. ఎక్కడ వేయాలి అని అడిగినప్పుడు బయటి డిస్కునే ఎంచాడు. సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ కూడా దాని మీదే వేయమన్నాడు. ఇన్‌స్టాలేషన్ సాఫీగా అయిపోయింది, ఉబుంటు చక్కగా తెరుచుకుంది. మర్నాడు డిస్కు ఊడదీసి బ్యాగులో వేసుకుని క్లాసుకు వెళ్లిపోయాడు. కాసేపటికి మా అబ్బాయి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్లటి తెర, పైన రెండు ఇంగ్లిషు వాక్యాలు, కింద ‘గ్రబ్’ అన్న మాట, దాని పక్కన ఓ బాణం గుర్తు, మిణుకుమనే గీత. అంతే. “వీడు విండోస్ మొత్తం ఊడ్చేశాడు నాన్నా” అంటూ నా దగ్గరికి పట్టుకొచ్చాడు. అక్కడ క్లాసులో మనవడిది ఇంకో గోల. ల్యాబ్‌లోని కంప్యూటర్‌కు డిస్కు తగిలిస్తే, బూట్ మెనూలో దాని పేరే కనపడలేదట. “డిస్కు పోయింది తాతయ్యా” అని ఫోను.

విండోస్ పోలేదు, డిస్కూ పోలేదు. రెండు చోట్లా జబ్బు ఒకటే.

ఇలాంటప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఎక్కడిదాకా వచ్చి ఆగింది? మీట నొక్కగానే మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాం లేస్తుంది. అది డిస్కులో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగాన్ని వెతికి, అందులోని బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. ఉబుంటు వాడే బూట్‌లోడర్ పేరే గ్రబ్. అది ఉబుంటుకు మూల ప్రోగ్రాం అయిన కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ తన ఫైళ్లున్న పార్టిషన్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాతే మీరు పాస్‌వర్డ్ కొట్టే తెర. డిస్కు పేరే మెనూలో లేకపోతే తేడా మొదట్లో ఉంది. గ్రబ్ అన్న అక్షరాలు వచ్చాయంటే సగం దారి దాటినట్టే. చాలామంది ఈ తేడా చూడకుండా మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు, మళ్లీ అక్కడే ఆగుతారు.

మా ఇంట్లో జరిగిందేమిటో చెబుతాను. ఉబుంటు 22.04 వరకూ వాడిన పాత ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి ఒక లోపం ఉండిపోయింది. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో మీరు బూట్‌లోడర్‌కు ఏ డిస్కు ఎంచినా అది పట్టించుకోదు. తనకు మొదట కనబడిన ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, అంటే దాదాపు ఎప్పుడూ లోపలి డిస్కులోనే, గ్రబ్‌ను పెట్టేస్తుంది. అలా ఉబుంటు మొత్తం బయటి డిస్కులో, దాన్ని లేపే ముక్క మాత్రం విండోస్ ఉన్న డిస్కులో పడింది. పైగా మదర్‌బోర్డులోని బూట్ క్రమంలో ఉబుంటు మొదటికి ఎక్కి కూర్చుంది.

మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి. ఎవరు ఏ ఫ్లాటులో ఉన్నారో ఆయన రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరు గేటు గదిలోనే ఉంటుంది, అద్దెకున్న వాళ్లు ఇల్లు మారితే వాళ్లతో పోదు. యూఈఎఫ్ఐ పెట్టుకునే బూట్ జాబితా కూడా మదర్‌బోర్డులోనే ఉండిపోతుంది. కొత్త అపార్ట్‌మెంట్‌కు వెళ్తే అక్కడి వాచ్‌మన్‌కు మీరెవరో తెలియదు. మా వాడి డిస్కుకు ల్యాబ్‌లో జరిగింది అదే.

కాకపోతే యూఈఎఫ్ఐ నియమాల్లో ఇలాంటి కొత్తవాళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది. జాబితాలో పేరు లేని డిస్కు తగిలితే, దానిలో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే దాన్నే నడపాలి. పెన్‌డ్రైవ్ ఏ కంప్యూటర్‌కు పెట్టినా బూట్ అయ్యేది ఈ ఏర్పాటు వల్లే. మా వాడి డిస్కులో ఆ ఫైలూ లేదు, అది ఉండాల్సిన పార్టిషనూ లేదు.

మరి ఇంట్లో నల్లతెర ఎందుకొచ్చింది? లోపలి డిస్కులో పడిన గ్రబ్ పక్కన ఒక చిన్న ఫైలుంటుంది. తెరిచి చూస్తే మూడే మూడు లైన్లు. ఫలానా యూయూఐడీ ఉన్న పార్టిషన్‌ను వెతుకు, అందులో గ్రబ్ ఫోల్డరును పట్టుకో, అక్కడున్న అసలు మెనూ చదువు అని. యూయూఐడీ అంటే ప్రతి పార్టిషన్‌కూ ఉండే పొడవాటి గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్య ఉన్న పార్టిషన్ అప్పటికి మనవడి బ్యాగులో అమీర్‌పేటలో ఉంది. వెతికింది, దొరకలేదు, ఇక ఏం చేయమంటారో మీరే చెప్పండి అని గీత వేసి కూర్చుంది.

ముందు విండోస్ సంగతి. ఆ గీత దగ్గర ‘ఎగ్జిట్’ అని ఇంగ్లిషులో కొట్టి ఎంటర్ నొక్కితే చాలా యంత్రాల్లో జాబితాలోని తర్వాతి పేరుకు, అంటే విండోస్‌కు, వెళ్తుంది. లేదంటే ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అందులో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే సరి. మా అబ్బాయి లెక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత బయాస్ (అంటే యూఈఎఫ్ఐ) సెట్టింగ్స్‌లోకి వెళ్లి విండోస్‌ను మళ్లీ మొదటి స్థానంలో పెట్టాను. ఒక హెచ్చరిక: ఇలా బూట్ సెట్టింగ్‌లు కదిలితే కొన్ని ల్యాప్‌టాప్‌లు విండోస్ డిస్కుకు వేసే తాళం, బిట్‌లాకర్, కీ అడుగుతాయి. అది 48 అంకెల సంఖ్య, మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. డిస్కు జోలికి వెళ్లకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక బయటి డిస్కు. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే ‘ట్రై ఉబుంటు’ అని లేచాం. జీపార్టెడ్ అనే ప్రోగ్రాంలో బయటి డిస్కు చివర కాస్త జాగా తీసి, 500 ఎంబీల ఫ్యాట్32 పార్టిషన్ చేసి, దానికి ఈఎస్‌పీ (ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్) అన్న గుర్తు పెట్టాం. గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశాన్ని ‘రిమూవబుల్’ అన్న ఆప్షన్‌తో ఇస్తే, ఇందాక చెప్పిన చోట బూట్‌ఎక్స్64 ఫైలు పడుతుంది. ఇక్కడితో అయిపోయిందనుకునే వాళ్లే ఎక్కువ. ఇంకో పని ఉంది. ఉబుంటులో ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో లోపలి డిస్కు ఈఎఫ్ఐ పార్టిషన్ యూయూఐడీ ఇంకా అలాగే ఉంటుంది. దాన్ని మార్చకపోతే వేరే కంప్యూటర్‌లో ఆ పార్టిషన్ కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. ఆ ఒక్క లైనూ మా వాడి చేతే మార్పించాను. మర్నాడు ల్యాబ్‌లో డిస్కు లేచింది.

ఇదంతా రాకుండా ఉండాలంటే ఇన్‌స్టాల్ చేసేముందు లోపలి డిస్కు కంప్యూటర్‌కు కనబడకుండా చేయడమే నికరమైన మార్గం. డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ పీకేయండి. ల్యాప్‌టాప్‌లో మరలు విప్పడం ఇష్టం లేకపోతే, జీపార్టెడ్‌లో లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఉన్న బూట్, ఈఎస్‌పీ గుర్తులు తాత్కాలికంగా తీసేసి, పని కాగానే మళ్లీ పెట్టేయండి. పెట్టడం మాత్రం మరవకూడదు.

అన్ని ఇన్‌స్టాలేషన్లూ ఇక్కడే చెడవు. మధ్యలో ఆగిపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఫోను చార్జింగ్‌కు వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 వేగమే, సెకనుకు 480 మెగాబిట్లు. యూఎస్‌బీ 3.0 అయితే 5 గిగాబిట్లు. కరెంటూ తేడాయే. పాత పోర్టు 500 మిల్లీయాంపియర్లు ఇస్తే కొత్తది 900 ఇస్తుంది. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్‌డిస్కు మొదట తిరగడానికి ఎక్కువ లాగుతుంది, చాలకపోతే టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. హబ్ తీసేసి నేరుగా పెట్టండి. దింపుకున్న ఉబుంటు ఐఎస్ఓ ఫైలు పాడై ఉండొచ్చు. దాని ఎస్‌హెచ్ఏ-256 సంఖ్య, 64 అక్షరాలూ, ఉబుంటు వాళ్లు ఇచ్చినదానితో సరిపోవాలి. వందల రూపాయలకే ఒక టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లు కొనకండి. కొన్నిటిలో అసలు సామర్థ్యం అందులో కొద్ది వంతే, అది నిండాక రాసిందల్లా పాడవుతుంది. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించుకోవచ్చు.

“విండోస్‌నే బయటి డిస్కులో వేసుకోవచ్చుగా తాతయ్యా?” అని కూడా అడిగాడు. మామూలు విండోస్ సెటప్ యూఎస్‌బీ డిస్కు మీద వేయనని ముందే చెప్పేస్తుంది. అది మీ డిస్కు లోపం కాదు. విండోస్ టు గో అని 2012లో విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో ఒక సదుపాయం ఇచ్చారు, 2020లో విండోస్ 10 నుంచి తీసేశారు. ఆ పని లినక్స్‌లో ఇప్పటికీ సులువు. అందుకే నాకు దాని మీద అభిమానం. మన హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. ఇప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్ మొదటి తెర మీద భాషల జాబితాలో తెలుగూ ఉంటుంది. ఇష్టమైన వాళ్లు అది ఎంచుకుని చూడండి.

చివరిగా ఒక్క మాట వినండి. తెర నల్లబడగానే ల్యాప్‌టాప్ పట్టుకుని రిపేరు షాపుకు పరుగెత్తకండి. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఫోనులో ఫొటో తీయండి. బయటి డిస్కు ఊడదీసి ఒకసారి, తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడండి. బూట్ మెనూలో విండోస్ పేరుందో లేదో చూడండి. ఈ మూడూ తెలియకుండా ఎవరైనా “ఫార్మాట్ కొట్టాలి” అంటే, ఫొటోలూ లెక్కలూ వేరే డిస్కులోకి తీసుకునేదాకా ఒప్పుకోకండి.