పిండి జల్లెడ: ఎన్నిక, వాడుక

జల్లెడ లేని తెలుగు వంటిల్లు అరుదు. సంక్రాంతికి అరిసెల పిండి దంచినను, జంతికలకు బియ్యము మరపట్టించి తెచ్చినను, వెంటనే చేతి కందవలసిన పనిముట్టు అదియే. ఆయుర్వేద వైద్యులు చూర్ణములను పలుచని బట్టలో జల్లించి, వానికి వస్త్రగాళితములని పేరిడిరి. అక్కడ బట్టయే జల్లెడ. అయితే ఇంటిలోనే కేకులు, నానుఖటాయిలు, బిస్కత్తులు కాల్చుట అలవాటైన పిమ్మట ఈ పాత పనిముట్టునకు క్రొత్త పని కలిగినది. అరిసెల పిండికి జల్లెడ నూకను వేరుచేసిన చాలును. కేకు పిండికి అది మరి మూడు పనులు చేయవలెను.

మొదటిది, అణగిన పిండిని గుల్లపరచుట. సంచిలోను డబ్బాలోను నిలువయున్న మైదా తన బరువునకు తానే అణగిపోవును. 240 మిల్లీలీటర్లు పట్టు కప్పును డబ్బాలో ముంచి నిండుగా తీసినచో సుమారు 140 గ్రాముల మైదా వచ్చును. అదే కప్పులోనికి జల్లించి, అంచు వరకు చదును చేసినచో సుమారు 115 గ్రాములే పట్టును. రెండు కప్పుల పిండి కావలసిన కేకులో ఈ భేదము 50 గ్రాములగును. వెన్న, గ్రుడ్లు, చక్కెర సరిగానే వేసినను కేకు గట్టిపడి, పొడిపొడియై, నడుమ పగులుటకు పలుమార్లు ఇదియే కారణము. నేరము పొయ్యిదని మనము అనుకొందుము.

కావున వంట పుస్తకములోని మాటల వరుసను శ్రద్ధగా చదువవలెను. “జల్లించిన మైదా రెండు కప్పులు” అనిన, ముందు జల్లించి తరువాత కొలువవలెను. “మైదా రెండు కప్పులు, జల్లించి” అనిన, ముందు కొలిచి తరువాత జల్లించవలెను. మాటలు అవియే, వరుస మారినంతనే కొలత మారుచున్నది. చిన్న త్రాసు కలవారికి ఈ చిక్కు లేదు. జల్లించినను, జల్లించకున్నను నూరు గ్రాములు నూరు గ్రాములే.

రెండవ పని ఉండలను విడగొట్టుట. వంటసోడా, కోకో పొడి, పొడిచేసిన చక్కెర తేమకు త్వరగా గడ్డకట్టును. సోడా ఉండ ఒకటి కేకులో మిగిలెనా, ఆ చోట గోధుమరంగు మచ్చయు, సబ్బు వంటి చేదును తప్పవు. పుట్టినరోజు కేకులో ఆ ముక్క ఏ పిల్లవాని నోటికి వచ్చునో చెప్పలేము. అయితే జల్లెడ ఉండలను విడగొట్టునేగాని పొడులను చక్కగా కలుపదు. ఒక వైపు వేసిన బేకింగు పౌడరు చాలవరకు ఒక వైపుననే దిగును. ముందుగా పొడులన్నిటిని గిన్నెలో వేసి కవ్వముతో అర నిమిషము కలిపి, తరువాత ఒకసారి జల్లించుట మేలు. కలుపకుండ మూడుసార్లు జల్లించుటకంటె ఇది తేలిక.

మూడవ పని పరాయి వస్తువులను ఆపుట. పురికొస ముక్కలు, కాగితపు పోగులు, పిండిపురుగులు జల్లెడలో నిలుచును. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పెరిగిన ఎఱ్ఱ పిండిపురుగు మూడు, నాలుగు మిల్లీమీటర్లుండును గాన అది ఆగును. దాని గ్రుడ్డు వెడల్పు అర మిల్లీమీటరు కూడ లేదు. పైగా జిగురుగా నుండి పిండిని అంటించుకొని యుండును. అది జల్లెడ కన్నులలోనుండి దిగిపోగలదు. కావున పురుగు కనబడిన పిండిని జల్లించి మరల డబ్బాలో పోసి, శుభ్రమైనదని తలచుట జల్లెడతో నీళ్లు మోసినట్లే. పిండికి ఘాటైన వాసన వచ్చినను, దారముల వంటి గూళ్లు కనబడినను పారవేయుటయే మంచిది. క్రొత్తగా తెచ్చిన మంచి పిండిని గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో నాలుగు దినములుంచినచో లోపలి గ్రుడ్లు నశించును. జల్లెడ సూక్ష్మక్రిములను సైతము ఆపదు. జల్లించినది గదా యని పచ్చి కేకు పిండిని పిల్లలకు రుచి చూపరాదు.

ఇక ఎన్నిక. జల్లెడకు ప్రాణము దాని కన్ను. అంగుళము పొడవున ఎన్ని కన్నులున్నవో ఆ సంఖ్యతో వలను పేర్కొందురు. 20వ సంఖ్య వలకు కన్ను సుమారు 0.85 మిల్లీమీటరు, 40వ సంఖ్యకు సుమారు 0.42 మిల్లీమీటరు. అంగడిలో జల్లెడపై సంఖ్య లేకున్నను చింత లేదు. పిల్లల స్కేలును వలపై నుంచి ఒక సెంటీమీటరులో కన్నులు లెక్కించిన చాలును. 8 ఉన్నచో అది ఇంచుమించు 20వ సంఖ్య. 16 ఉన్నచో ఇంచుమించు 40వ సంఖ్య. మైదాకు ఈ రెంటి నడుమ నున్నది ఏదైనను సరిపోవును. కోకోకు, చక్కెర పొడికి సన్నవైపు మేలు. అరిసెల తడిపిండికి మాత్రము సన్న కన్ను పనికిరాదు. తేమకు కన్నులు పూడిపోవును. ఆ రెండింటికి వేరువేరు జల్లెడలుండుట ఉత్తమము.

చేతిపిడిని నొక్కిన లోపల రెక్కలు తిరుగు డబ్బా జల్లెడలు కూడ దొరకుచున్నవి. ఒక చేత పని జరుగుట, పిండి చెదరకుండుట వాని సుగుణములు. కాని అవి పట్టునది కప్పు రెండు కప్పులే. స్ప్రింగు సందులలో పిండి చేరి, అక్కడనే పురుగునకు ఆశ్రయమగును. సాధారణ కుటుంబమునకు ఇరువది సెంటీమీటర్ల వెడల్పుగల స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడయే చాలునని మా అభిప్రాయము. కొనునపుడు దానిని వెలుతురునకు ఎత్తి చూడవలెను. కన్నులన్నియు సమముగా నుండవలెను. వల బిగువుగా నుండవలెను. అంచున తీగ కొనలు పైకి లేవరాదు. తెగిన తీగ ముక్క కేకులో పడినచో పంటికి కనబడకయే గొంతునకు చేరును. పాత జల్లెడనైనను నెల కొకసారి ఇట్లు పరీక్షించి, తీగ తెగినచో మోహమాటము లేక తీసివేయవలెను.

జల్లించుటలోను ఒక పద్ధతి కలదు. జల్లెడను మూడవ వంతుకు మించి నింపరాదు. పళ్లెమునకు జానెడు ఎత్తున పట్టి, అంచును అరచేతితో మెల్లగా తట్టవలెను. మిగిలిన దానిని వ్రేళ్లతో రుద్ది దింపరాదు. వల సాగిపోవుటయేగాక, ఆగిన మలినము కూడ దిగును. గ్రుడ్ల నురుగుతో పొంగు స్పంజి కేకునకు పిండిని ఒకేసారి క్రుమ్మరింపక, నురుగుపైననే మూడు విడతలుగా జల్లించి, గరిటెతో క్రిందినుండి పైకి మెల్లగా త్రిప్పుచు కలుపవలెను. ఆ కేకును లేపునది నురుగులోని గాలియే. పిసికి కలుపు ఈస్టు రొట్టెకు ఇంత శ్రమ అక్కరలేదు.

చపాతీల గోధుమపిండిని సన్నజల్లెడ పట్టి పొట్టు పారవేయు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారము నూరు గ్రాముల గోధుమపిండిలో పీచు సుమారు 11 గ్రాములు. మైదాలో 3 గ్రాములకు లోపు. మనము పారవేయు ఆ పొట్టులోనే పీచు అధికము. పురుగు, పుల్ల చూచుటకు పెద్ద కన్నుల జల్లెడ వాడి, పొట్టును పిండిలోనే యుంచుట ఆరోగ్యము.

పని ముగిసిన పిమ్మట జల్లెడను తట్టి, పొడి కుంచెతో దులుపవలెను. వెంటనే నీట ముంచినచో పిండి బంకయై కన్నులను మూయును. కడుగక తప్పనపుడు ముందు చన్నీటితోనే కడిగి, ఎండలో పూర్తిగా ఆరవేయవలెను. తడి మిగిలిన జల్లెడలో మరునాడు పోసిన పిండి అంటుకొని దిగదు.

జల్లెడ ఖరీదు స్వల్పము. కాని ఇంటిల్లిపాది తిను పిండి యంతయు దాని కన్నులలోనుండియే దిగవలెను. కొనునపుడు ఒక నిమిషము, వాడిన పిమ్మట ఒక నిమిషము దానికై వెచ్చించుట వృథా కాదు.