జ్వరం పోయినా తిరిగిరాని సత్తువ

దీర్ఘకాలిక అలసట జబ్బుకూ మామూలు అలుపుకూ పోలిక పేరులోనే. దినమంతా పత్తి తీసిన కూలి మనిషి రాత్రి కంటినిండా నిద్రపోతే పొద్దున మళ్లీ చేనికి పోగలదు. ఈ జబ్బు పట్టిన మనిషి ఎంతసేపు పడుకున్నా, లేచేసరికి మునుపటి నీరసమే ఉంటుంది. రెండు బిందెల నీళ్లు మోసినా, ఒక పెళ్లికి వెళ్లివచ్చినా, ఆ పూటకు బాగానే ఉండి మర్నాడో మూడోనాడో ఒళ్లు పూర్తిగా పడిపోతుంది. తేరుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. శ్రమ తర్వాత ఇలా ముదరడమే జబ్బుకు ముఖ్య లక్షణమని 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తేల్చింది. అలసట ఆరు నెలలు దాటి ఉండాలి, నిద్ర సత్తువ ఇవ్వకూడదు, ఆలోచన కుదరకపోవడమో నిలబడితే కళ్లు తిరగడమో తోడవ్వాలి. వైద్యులు దీన్ని మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనీ, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనీ అంటారు. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఇంకా రాలేదు.

రోగుల్లో చాలామందికి ఇది ఒక జ్వరంతో మొదలవుతుంది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, ఇతర సిబ్బంది కలిపి 292 మంది ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడ్డారు. ఆసుపత్రినే కొన్ని నెలలు మూసేయాల్సి వచ్చింది. కారణమైన క్రిమి దొరకలేదు. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు, రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు కావడాన్ని ఒక ఆధారంగా చూపి, అదంతా హిస్టీరియా అని రాశారు. ఆ ముద్ర ఈ రోగులకు చేసిన అన్యాయం చిన్నది కాదు. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్న ఆడమనిషిని నమ్మకపోవడానికి వైద్యులకు అదొక సాకు అయింది.

జ్వరానికీ అలసటకూ ఉన్న ముడిని పద్ధతిగా చూపించింది ఆస్ట్రేలియాలోని డబ్బో అనే గ్రామీణ ప్రాంతంలో జరిగిన పరిశోధన. మూడు వేర్వేరు అంటువ్యాధులు సోకిన 253 మందిని జ్వరం నాటి నుంచీ గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తర్వాత కూడా 12 శాతం మంది లేవలేని అలసటతోనే ఉన్నారు. ఏ క్రిమి సోకినా ఈ లెక్క దాదాపు ఒకటే. ఎవరు కోలుకోరన్నది వయసును బట్టో, మనోధైర్యాన్ని బట్టో తేలలేదు. మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే దాన్ని ముందుగా చెప్పింది.

ఆ మూడు జబ్బుల్లో ఒకటి ఎప్‌స్టైన్-బార్ వైరస్ వల్ల వచ్చే గ్రంథుల జ్వరం. మిగతా రెండూ పడమటి కర్నూలు వాసులు చెవిపెట్టి వినాల్సినవి. దోమలు మోసే రాస్ రివర్ వైరస్ చికున్‌గున్యాకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే వైరస్ కుటుంబానివి, రెండూ కీళ్లనే పట్టుకుంటాయి. క్యూ జ్వరం గొర్రెలు, మేకలు, పశువుల నుంచి వచ్చే బ్యాక్టీరియా జబ్బు. ఈనే సమయంలో మాయతో, ఉమ్మనీటితో బయటపడిన క్రిమి ధూళిలో కలిసి ఊపిరితో లోపలికి పోతుంది. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు పాడి మేకల ద్వారా ఇది 4,000 మందికి పైగా సోకింది. వారిలో కొందరికి ఏళ్ల తరబడి అలసట మిగిలింది. గొర్రెల మందలున్న ఊళ్లలో ఈనిన గొర్రెకు చేయి సాయం చేసేవారు మూతికి గుడ్డ కట్టుకోవడం, మాయను లోతుగా పూడ్చడం మంచిది.

చికున్‌గున్యా సంగతి ఇక్కడ పెద్దవాళ్లందరికీ తెలిసిందే. 1973 తర్వాత దేశంలో మూడు దశాబ్దాలు కనిపించకుండా పోయిన ఈ జ్వరం 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తి, కర్నూలుతో సహా రాయలసీమ జిల్లాలను చుట్టేసింది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13.9 లక్షలు. జ్వరం వారంలో తగ్గింది కానీ మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సిన స్థితి చాలామందికి నెలలపాటు ఉంది. చికున్‌గున్యాను మోసే ఈడిస్ దోమ మురుగులో పుట్టదు. ఇంట్లో దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. గాజులదిన్నె నీటి ప్రాజెక్టు జిల్లాలోని గోనెగండ్ల మండలంలోనే ఉన్నా, కరువు సీమలో కుళాయి వచ్చిన రోజు తొట్లూ డ్రమ్ములూ నింపుకోక తప్పదు. మూతలేని తొట్టి ఈడిస్ దోమకు పుట్టిల్లు. చికున్‌గున్యా తర్వాతి బాధలో కీళ్లవాపు ఎంత, అలసట జబ్బు ఎంత అన్నది వైద్యుడు విడదీసి చూడాలి, ఎందుకంటే రెంటికీ చికిత్స ఒకటి కాదు. డెంగీ తర్వాత కూడా కొందరిలో నీరసం నెలల తరబడి ఉంటుంది. కోవిడ్ విషయంలో లెక్క మరింత స్పష్టం. 2025లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కోవిడ్ సోకినవారిలో 4.5 శాతం మందికి ఈ జబ్బు లక్షణాలన్నీ ఉన్నాయి. సోకనివారిలో అవి 0.6 శాతమే.

అన్నిటికీ ఒకే వైరస్ మూలమన్న ఆశ ఒకసారి పుట్టింది. 2009లో ఎక్స్‌ఎమ్‌ఆర్‌వి అనే వైరస్ ఈ రోగుల్లో దొరికిందని సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. అది ప్రయోగశాలలో కలిసిన కలుషితమని తేలి, 2011లో పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు క్రిమిని అగ్గిపుల్లగానే చూస్తున్నారు. జ్వరం పోయాక కూడా రోగనిరోధక వ్యవస్థ శాంతించకపోవడం, గుండెవేగాన్నీ రక్తపోటునూ నడిపే నరాలు గాడి తప్పడం, కణాల్లో శక్తి తయారీ దెబ్బతినడం అన్న దిశల్లో వెతుకులాట సాగుతోంది. 2025లో బ్రిటన్‌లో 15,000 మందికి పైగా రోగుల జన్యువులు పరిశీలించి, జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లు గుర్తించారు.

పర్యావరణ కారణాల్లో నీటిది ఒక గట్టి ఉదాహరణ. 2004లో నార్వేలోని బెర్గెన్ నగరంలో కుళాయి నీళ్లలో జియార్డియా అనే పరాన్నజీవి కలిసింది. విరేచనాలు తగ్గిన మూడేళ్లకు కూడా సోకినవారిలో 46 శాతం మంది అలసటతో బాధపడుతున్నారు. సోకనివారిలో అలాంటివారు 12 శాతమే.

పురుగుమందుల సంగతి ఇంత తేటగా తేలలేదు, కానీ పక్కన పెట్టదగ్గదీ కాదు. ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తి వెనుక ఎన్నో విడతల మందు కొట్టడం ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల సంకేతాలను నియంత్రించే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. 2003లో మన దేశంలో పత్తి పండించే మూడు పల్లెల్లో 50 మంది మహిళా రైతులు, మందు కొట్టిన తర్వాత తమకూ ఇంటి మగవాళ్లకూ కలిగిన బాధలను నమోదు చేశారు. 323 సందర్భాల్లో సుమారు 84 శాతంలో విషప్రభావపు లక్షణాలు కనిపించాయి. అవి అప్పటికప్పటి బాధలు. దీర్ఘకాలం మాటకొస్తే, 1976 నుంచి 1992 వరకు గొర్రెలను పురుగుమందు నీళ్లలో ముంచడం తప్పనిసరి చేసిన బ్రిటన్‌లో, ఆ పని చేసిన రైతులు ఏళ్ల తరబడి అలసట, మతిమరుపు ఉన్నాయని ఫిర్యాదు చేశారు. గాలివాటానికి ఎదురుగా, ఒట్టి చేతులతో మందు కొట్టకపోవడానికి ఈ మాత్రం సాక్ష్యం చాలు.

నీరసాలన్నీ ఈ జబ్బు కావు. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, క్షయ, మనోవ్యాకులత ముందుగా చూడాల్సినవి. వాటికి మందులున్నాయి. అవేవీ కాకుండా జ్వరం తర్వాత ఆరు నెలలైనా సత్తువ రాకపోతే, ఏ జ్వరం, ఏ నెలలో, ఎంత తీవ్రంగా వచ్చిందో, ఆ రోజుల్లో చేనికి పురుగుమందు కొట్టారో లేదో కాగితం మీద రాసుకుని ఆదోని ఏరియా ఆసుపత్రికో కర్నూలు పెద్దాసుపత్రికో వెళ్లాలి. బలవంతంగా వ్యాయామం పెంచుకుంటూ పోవాలన్న పాత సలహాను బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో తీసేసింది. ఉన్న సత్తువ మేరకే పని, అలసట రాకముందే విశ్రాంతి అన్నదే నేటి పద్ధతి. ఇంట్లోవాళ్లు అలాంటి మనిషిని సోమరి అనకుండా బిందె అందుకోవాలి.