ఏ చలికి ఏ స్లీపింగ్ బ్యాగ్?

శీతకాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు మన తెలుగు ఊళ్ల నుంచీ చాలామంది వెళ్తుంటారు. ఆ శిఖరం ఎత్తు 3,800 మీటర్లు. పగలు ఎండలో ఎక్కుతుంటే చెమట పడుతుంది. రాత్రి మాత్రం మంచు మీద వేసిన గుడారంలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పడిపోతుంది. వెచ్చని ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ నిద్ర పట్టాలంటే మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి. వీపు మీద మోయాలి కాబట్టి అది తేలిగ్గానూ ఉండాలి. ఈ రెండు అవసరాలూ బాగా తీర్చేది డౌన్.

బాతులు, హంసబాతుల రొమ్ము దగ్గర పై ఈకల అడుగున ఉండే మెత్తటి నూగే డౌన్. ఈకకున్నట్టు దీనికి గట్టి కాడ ఉండదు. ఏకిన దూదిలా అన్ని వైపులకూ విచ్చుకుని, పోగుల మధ్య గాలిని కదలనివ్వదు. బ్యాగ్ సొంతంగా వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వనిది ఆ నిలిచిన గాలే. 1922 ఎవరెస్ట్ యాత్రలో జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు నింపిన కోటు వేసుకున్నాడు. మొదట నవ్విన తోటివాళ్లే చలి ముదిరాక ఆ కోటును చూసి అసూయపడ్డారు.

దుకాణంలో ముందుగా కనిపించే అంకె ఫిల్ పవర్. 28 గ్రాముల డౌన్ విచ్చుకుంటే ఎంత చోటు నిండుతుందో అది చెబుతుంది. 800 ఫిల్ పవర్ అంటే దాదాపు 13 లీటర్లు, 550 అయితే 9 లీటర్లు. అంకె పెద్దదైనంత మాత్రాన బ్యాగ్ వెచ్చగా ఉంటుందనుకోకూడదు. లోపల ఎన్ని గ్రాముల డౌన్ నింపారన్నదీ చూడాలి. 600 రకం 500 గ్రాములు నింపినా, 800 రకం 375 గ్రాములు నింపినా విచ్చుకునే పరిమాణం ఒకటే. రెండోదానికి ధర ఎక్కువ, బరువు 125 గ్రాములు తక్కువ.

అసలు చూడాల్సింది ఉష్ణోగ్రతల పట్టీ. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం, వేడెక్కించిన బొమ్మను బ్యాగ్‌లో పడుకోబెట్టి పరీక్షించి ఈ అంకెలు తేలుస్తారు. ఒకే బ్యాగ్‌కు కంఫర్ట్ సున్నా, లిమిట్ మైనస్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 22 అని ఉండవచ్చు. సగటు స్త్రీ హాయిగా నిద్రపోగలిగేది కంఫర్ట్ దగ్గర. సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని నెట్టుకురాగలిగేది లిమిట్ దగ్గర. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలుపుకోవడం వరకే, అక్కడ శరీరం ప్రమాదకరంగా చల్లబడవచ్చు. ప్రకటనల్లో పెద్దగా కనిపించే మైనస్ అంకె చాలాసార్లు కంఫర్ట్‌ది కాదు. వెళ్లేచోట రాత్రి ఎంత చలి ఉంటుందో తెలుసుకుని, అంతకంటే అయిదు డిగ్రీలు తక్కువ కంఫర్ట్ ఉన్నది ఎంచుకుంటే నిశ్చింత. బ్యాగులు అద్దెకిచ్చేవాళ్లనూ ఇదే అంకె అడగాలి.

కుట్టు కూడా ముఖ్యమే. పై గుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి కుట్టేస్తే ఆ కుట్ల వెంట డౌన్ ఉండదు, చలి అక్కడి నుంచే దూరుతుంది. గట్టి చలికి, రెండు పొరల మధ్య అడ్డుగోడల్లా గుడ్డ పట్టీలు వేసి గదులుగా విడదీసిన బ్యాగ్ మేలు. తలకు హుడ్, మెడ చుట్టూ కాలర్, జిప్పు వెంట డౌన్ నింపిన గొట్టం ఉన్నాయో లేదో చూడాలి.

ఎంత ఖరీదైన బ్యాగ్ అయినా ఒంటి కింద అణిగిపోతుంది. నేల చలిని ఆపాల్సింది మ్యాట్. నేల చలిని మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వేల్యూ. మంచు మీద పడుకునేవాళ్లకు అది కనీసం 5 ఉన్నది అవసరం. రెండు మ్యాట్‌లు ఒకదానిపై ఒకటి వేస్తే వాటి విలువలు కలుస్తాయి.

డౌన్‌కు శత్రువు తడి. తడిస్తే ఉండలు కట్టి, గాలిని పట్టి ఉంచలేదు. వానల్లో, తడి మంచు కురిసే చోట్ల సింథటిక్ బ్యాగ్ కాస్త బరువైనా నమ్మకమైనది. మంచు తెరలు కమ్మే లంబసింగిలో ఒక రాత్రి గడపడానికి అది చాలు. బతికున్న పక్షుల నుంచి నూగు పీకే క్రూరత్వానికి మన డబ్బు చేరకూడదంటే, 2014లో మొదలైన ‘రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్’ ముద్ర ఉన్నది కొనాలి.

ట్రెక్ ముగిశాక బ్యాగ్‌ను చిన్న సంచిలో కుక్కి నెలల తరబడి ఉంచితే డౌన్ విచ్చుకునే గుణం పోతుంది. పూర్తిగా ఆరబెట్టి, వదులైన పెద్ద నూలు సంచిలో పెట్టాలి. ఉతకాల్సి వస్తే డౌన్ కోసం చేసిన సబ్బే వాడాలి. తక్కువ వేడిలో డ్రయ్యర్‌లో రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే ఉండలు విడిపోతాయి. డ్రయ్యర్ లేనివాళ్లు నీడలో పరిచి, చేత్తో ఉండలు విడదీస్తూ రోజుల తరబడి ఆరనివ్వాలి. విశాఖ లాంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మరికొన్ని రోజులు ఆగాక లోపల పెట్టాలి.