పిడుగుకు పోయిన పోర్టు... పెళ్లి వీడియోలకు కొత్త దారి

హోం సర్వర్‌కు నెట్‌వర్క్ కార్డు ఎంచుకోవడమెలా?

హోసూరు: రాత్రంతా ఉరుములు, మెరుపులు. కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే కంప్యూటర్ ఆన్ అయింది. డిస్కులు తిరుగుతున్నాయి. తెర మీద అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వెనకవైపు లాన్ కేబుల్ గుచ్చేచోట వెలగాల్సిన పచ్చలైటు మాత్రం వెలగలేదు. హోసూరులో స్టూడియో నడుపుకొనే ఓ తెలుగు ఫొటోగ్రాఫర్‌కు ఎదురైన అనుభవమిది.

ఆయన ఇంట్లో కింది గదిలో ఓ పాత డెస్క్‌టాప్ ఉంది. అందులో రెండు పెద్ద హార్డ్‌డిస్కులు బిగించి, లినక్స్ వేసి సర్వర్‌గా వాడుకుంటున్నారు. పన్నెండేళ్లుగా తీసిన పెళ్లిళ్లు, సీమంతాలు, గృహప్రవేశాలు అన్నీ అందులోనే. ఎడిటింగ్ చేసే కంప్యూటర్ మేడమీద ఉంది. మూడు రోజుల్లో కృష్ణగిరి పెళ్లివారికి వీడియో ఇవ్వాలి. 'డబ్బులైతే మళ్లీ సంపాదించుకోవచ్చు. మూడు ముళ్లు మళ్లీ వేయించలేము కదప్పా' అన్నది ఆయన బెంగ. నిజానికి వీడియోలకు ఏమీ కాలేదు. వాటిని బయటికి తెచ్చే దారే మూసుకుపోయింది.

పోర్టు ఎందుకు పోతుంది?

వీధుల్లో ఇంటర్నెట్ వైరు మిద్దెల మీదుగా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లడం మనకు అలవాటైన దృశ్యమే. అది రాగి తీగ అయితే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు పుట్టే అధిక వోల్టేజి దాని వెంట నేరుగా ఇంట్లోకి వస్తుంది. ముందు రూటర్, తర్వాత మదర్‌బోర్డు మీది లాన్ చిప్ దెబ్బతింటాయి. ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి ఈ భయం కొంత తక్కువ. గాజుతీగలో కరెంటు ప్రవహించదు. అయితే ఫైబర్ పెట్టె నుంచి కంప్యూటర్ దాకా ఉండేది మళ్లీ రాగి తీగే. ఆ పెట్టెకు ప్లగ్గు ద్వారా కూడా దెబ్బ రావచ్చు.

పోర్టు పోయినంత మాత్రాన మదర్‌బోర్డు మార్చనక్కర్లేదు. లోపల ఖాళీ స్లాట్ ఉంటే కార్డు గుచ్చుకుంటే సరి. 'వైఫై ఉంది కదా' అనేవాళ్లూ ఉన్నారు. వాట్సాప్‌కు వైఫై చాలు. ఒక పెళ్లి వీడియో మొత్తం అటూ ఇటూ మోయాలంటే గోడలు, మెట్లు దాటేసరికి దాని వేగం నిలకడగా ఉండదు. యూఎస్‌బీకి తగిలించే లాన్ ముక్కలు రెండు రోజుల అవసరానికి పనికొస్తాయి. రాత్రింబగళ్లు నడిచే సర్వర్‌కు లోపల బిగించే కార్డే నమ్మకం.

ఎస్పీ రోడ్డుకు ప్రయాణం

హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లు. కంప్యూటర్ సామాన్ల కోసం ఇక్కడివారు వెళ్లేది ఎస్పీ రోడ్డుకే. ఆ ఫొటోగ్రాఫర్ కూడా పది గిగాబిట్ల కార్డు కొందామని బయల్దేరారు. పెద్దది కొంటే పీడ వదిలిపోతుందన్నది ఆయన లెక్క. దుకాణంలో ఉన్న తెలుగు కుర్రాడు ముందు ధర చెప్పలేదు. 'అన్నా, ఆ పక్క మిషన్‌లో ఏముంది? నీ డిస్కు ఎంత స్పీడు?' అని అడిగాడు.

ఆ రెండు ప్రశ్నల్లోనే సగం జవాబు ఉంది.

ఒక గిగాబిట్ అంటే సెకనుకు 125 మెగాబైట్లు. వాస్తవంలో చేతికొచ్చేది సుమారు 110. రెండు కెమెరాలతో తీసిన పెళ్లి 200 గిగాబైట్లు ఉందనుకుంటే, గిగాబిట్ దారిలో కాపీ కావడానికి అరగంట పడుతుంది. అదే పాతకాలపు 100 మెగాబిట్ల దారిలో అయితే దాదాపు ఐదు గంటలు. రెండున్నర గిగాబిట్ల దారి సెకనుకు 280 మెగాబైట్ల దాకా మోయగలదు. మామూలు తిరిగే హార్డ్‌డిస్కు మాత్రం 150 నుంచి 250 మించి ఇవ్వలేదు. అంటే రెండున్నర గిగాబిట్ల కార్డు పెట్టేసరికే ఆలస్యానికి కారణం కార్డు కాదు, డిస్కు అవుతుంది. ఆపైన పది గిగాబిట్లు పెట్టినా డిస్కు నుంచి అంతకన్నా రాదు. సాటా ఎస్ఎస్‌డీ ఉన్నవారికి, అది సెకనుకు 500 పైచిలుకు ఇస్తుంది కాబట్టి, లెక్క మారుతుంది.

కొత్త కార్డు ఒకవైపే పెడితే లాభం లేదు. అవతలి కంప్యూటర్, మధ్యలో ఉండే స్విచ్ కూడా అదే వేగం అందుకోవాలి. ఒక్కటి గిగాబిట్‌ది ఉన్నా మొత్తం దానికే దిగిపోతుంది.

చౌకగా దొరికే సర్వర్ కార్డుల సంగతి

పది గిగాబిట్ల కార్డులు పాతవి చవగ్గా దొరుకుతాయి. పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో వాడి తీసేసినవి అవి. ఇంటెల్ ఎక్స్540 అలాంటిదే. మంచి కార్డే, కానీ ఇంటికి తెస్తే మూడు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి వేడి. సర్వర్లలో గాలి హోరున వీస్తుంటుంది, ఇంటి డెస్క్‌టాప్‌లో ఆ గాలి ఉండదు. చిన్న ఫ్యాను అదనంగా పెట్టకపోతే కార్డు కాలిపోయేంత వేడెక్కుతుంది. రెండోది, ఎక్స్540కు ఒక గిగాబిట్, పది గిగాబిట్లు తెలుసుగానీ మధ్యనున్న రెండున్నర, ఐదు తెలియవు. దీన్ని రెండున్నర గిగాబిట్ల స్విచ్‌కు తగిలిస్తే ఒక గిగాబిట్‌కే పరిమితమవుతుంది. దాని తర్వాత వచ్చిన ఎక్స్550కి ఆ మధ్య వేగాలూ వచ్చు. మూడోది స్లాట్. ఈ కార్డులకు పొడుగు స్లాట్ కావాలి. చాలా మదర్‌బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. మిగిలేది చిన్న ఎక్స్1 స్లాట్. రెండున్నర గిగాబిట్ల కార్డు అందులో హాయిగా సరిపోతుంది. పది గిగాబిట్లకు మూడో తరం ఎక్స్1 స్లాట్ కూడా చాలదు.

ఇంకో మాట. నాలుగు పోర్టుల ఇంటెల్ ఐ350 కార్డు పేరుతో నకిలీలు చాలాకాలంగా చలామణిలో ఉన్నాయి. కొత్త సరుకని చెప్పి మరీ తక్కువ ధరకు ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. అయినా ఇంట్లో ఒక సర్వర్‌కు నాలుగు పోర్టులు ఏం చేసుకుంటారు?

ఏ చిప్?

కార్డు పెట్టె మీద కంపెనీ పేరు ఏదైనా లోపలి చిప్ చేసేది ఎక్కువగా రియల్‌టెక్ లేదా ఇంటెల్. విండోస్, కొత్త లినక్స్ వాడేవారికి రియల్‌టెక్ 8125 చిప్‌తో ఇబ్బంది లేదు. 2020 తర్వాత వచ్చిన లినక్స్ రకాలు దాన్ని వాటంతటవే గుర్తిస్తాయి. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే పీఎఫ్‌సెన్స్ వంటివి వాడేవారు మాత్రం ఇంటెల్ వైపే మొగ్గు చూపుతారు. అక్కడ దాని డ్రైవర్లకు మంచి పేరుంది. అలాగని ఇంటెల్ పేరు చూసి కళ్లు మూసుకుని కొనడమూ పొరపాటే. రెండున్నర గిగాబిట్ల ఐ225 చిప్ మొదటి విడతల్లో లోపం ఉండి, కొన్ని స్విచ్‌లతో కలిసినప్పుడు ప్యాకెట్లు పోయేవి. తర్వాతి విడతల్లో సరిచేశారు. పాత సరుకు కొనేవారు ఆ విడత ఏదో అడిగి తెలుసుకోవాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. అప్పటి నుంచి ఆఫీసుల్లో తీసేసిన సన్నపాటి డెస్క్‌టాప్‌లను కొని ఇంటి సర్వర్లుగా మార్చుకునేవారికి మంచి అవకాశం దొరికింది. వాటికి కార్డు కొనేటప్పుడు పొట్టి రేకు కూడా ఇచ్చారో లేదో పెట్టె విప్పి చూసుకోవాలి. పొడుగు రేకు ఒక్కటే ఉంటే మూత పడదు, మళ్లీ 40 కిలోమీటర్లు తిరగాలి.

తీరా బిగించాక...

చివరికి ఫొటోగ్రాఫర్ రెండున్నర గిగాబిట్లవి రెండు కార్డులు కొన్నారు. ఒకటి సర్వర్‌కు, ఒకటి ఎడిటింగ్ కంప్యూటర్‌కు. కొత్త స్విచ్ కొనలేదు. ఒకే కేబుల్‌తో రెండింటినీ నేరుగా కలిపారు. ఇప్పటి కార్డులకు ఒకప్పటిలా మెలిక వైరు అక్కర్లేదు. రెండువైపులా ఐపీ చిరునామాలు చేత్తో ఇస్తే చాలు. మేడమీది కంప్యూటర్‌కు ఇంటర్నెట్ దాని సొంత పోర్టు నుంచి వస్తుంది.

బిగించాక సర్వర్ పలకలేదు. కార్డు మారితే లినక్స్‌లో దాని పేరు మారుతుంది. పాత పేరుతో రాసిన సెట్టింగ్ కొత్తదానికి వర్తించదు. సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించి ఆ పేరు దిద్దాల్సి వచ్చింది. రూటర్‌లో సర్వర్‌కని ఓ చిరునామా కేటాయించి పెట్టుకున్నవారికీ ఇదే ఇక్కట్టు, ఎందుకంటే కొత్త కార్డుకు మ్యాక్ నంబరు వేరు.

పలికాక చూస్తే వేగం 100 మెగాబిట్లే. ఆయనకు గుండె జారింది. నకిలీ కార్డు అంటగట్టారనుకుని ఫోన్ చేసి గొడవపడ్డారు. 'కార్డు కాదన్నా, కేబుల్ చూడు' అని జవాబు. గిగాబిట్, ఆపై వేగాలకు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. నాలుగు తీగలతోనే 100 మెగాబిట్లు నడిచిపోతుంది కాబట్టి తెగిన సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. గోడలోంచి పోయిన ఆ పాత కేబుల్ కొసన గోధుమరంగు తీగ ఊడి ఉంది. కొస కత్తిరించి కొత్త పిన్ను నొక్కాక రెండున్నర గిగాబిట్లు చూపింది. పాత క్యాట్-5ఈ కేబులే. 100 మీటర్ల వరకు రెండున్నర గిగాబిట్లకు అది సరిపోతుంది, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కాకుంటే.

పెళ్లి వీడియో రెండు రోజులు ఆలస్యంగా కృష్ణగిరి చేరింది. మదర్‌బోర్డు మీద కాలిన పోర్టును బయోస్‌లో ఆపేసి, పైన టేపు అంటించారు. ఉరుము వినబడితే ఆయన ఇప్పుడు ముందు మేడమీదికి పరుగెత్తి, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకేస్తున్నారు.