క్యానింగ్‌ లైన్‌లో కొలువా? ముందు కడగడం తెలుసుకోండి!

సంగారెడ్డి జిల్లాలో బీరు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ ఉద్యోగమంటే కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. మీరు మాత్రం పనిని చూడండి. ఐటీఐ ఫిట్టర్‌, మెకానికల్‌ డిప్లొమా, బీఎస్సీ మైక్రోబయాలజీ, ఫుడ్‌ టెక్నాలజీ.. వీటిలో ఏది చదివినా ప్యాకేజింగ్‌ విభాగానికి పనికొస్తుంది. అయితే మెషిన్‌ తిరుగుతున్నప్పుడు నిలబడి చూడటం ఎవరైనా చేస్తారు. తిరగకముందు, ఆగిపోయాక ఏం చేస్తారన్నదే ఆపరేటర్‌కు అసలు పరీక్ష.

సైజు మారితే అన్నీ మారాలి

330 మి.లీ. నుంచి 500 మి.లీ.కి మారుతున్నారనుకోండి. గైడ్లు, ఫిల్లర్‌ ఎత్తు, సీమర్‌ ఎత్తు అన్నీ సరిచేయాలి. క్యాన్‌ గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. ఒక్క పాత గైడ్‌ మిగిలినా నలిగిపోతుంది. బీరు చల్లగా రావాలి, లేదంటే నురగ పొంగుతుంది. నింపేముందు క్యాన్‌లోని గాలిని కార్బన్‌ డయాక్సైడ్‌తో తరిమేస్తారు. ఎందుకంటే ఆక్సిజన్‌ మిగిలితే రుచి పాడవుతుంది.

అన్నిటికంటే కీలకం సీమర్‌. మొదటి రోలర్‌ మూత అంచును క్యాన్‌ అంచు కిందికి మడుస్తుంది, రెండోది నొక్కి బిగిస్తుంది. పైకి నున్నగా కనిపించిన సీమ్‌ కూడా లోపల సరిగా పెనవేసుకోకపోవచ్చు. అలాంటి క్యాన్‌ గోడౌన్‌కు వెళ్లాక కారుతుంది. అందుకే క్యాన్‌ను కోసి బాడీ హుక్‌, కవర్‌ హుక్‌, ఓవర్‌ల్యాప్‌ కొలుస్తారు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే 'ఒక క్యాన్‌ చూస్తాను' అనకండి. ప్రతి సీమింగ్‌ హెడ్‌ నుంచీ ఒకటి తీసి చూడాలి.

కడగడానికీ ఓ వరస

విప్పకుండా లోపలే కడిగే పద్ధతిని సీఐపీ అంటారు. ఫిల్లర్‌ వాల్వులకు డమ్మీ క్యాన్లు తొడిగి ముందు నీళ్లు పంపుతారు. తర్వాత సాధారణంగా 1.5 నుంచి 2 శాతం కాస్టిక్‌ సోడా ద్రావణం, వేడిగా. అది ప్రొటీన్‌, హాప్స్‌ జిగురును వదిలిస్తుంది. మళ్లీ నీళ్లు. గట్టిగా పట్టిన బీర్‌స్టోన్‌కు యాసిడ్‌, మళ్లీ నీళ్లు, చివర్లో పెరాసిటిక్‌ యాసిడ్‌తో శానిటైజ్‌ చేస్తారు. కడిగిన నీటిలో ఫినాఫ్తలీన్‌ చుక్క వేస్తే గులాబీ రంగు వచ్చిందా.. కాస్టిక్‌ ఇంకా ఉన్నట్టే!

ఇక్కడ ప్రాణం మీదికొచ్చే విషయాలున్నాయి. కార్బన్‌ డయాక్సైడ్‌ నిండిన మూసిన ట్యాంకులోకి కాస్టిక్‌ పంపితే, ఆ వాయువును అది పీల్చేసుకుంటుంది. లోపల వాక్యూమ్‌ ఏర్పడి ట్యాంకే నలిగిపోవచ్చు. కింద పడ్డ అల్యూమినియం ముక్కలకు కాస్టిక్‌ తగిలితే మండే హైడ్రోజన్‌ పుడుతుంది. కాబట్టి ముందు వాటిని ఏరేయాలి. నీళ్లలో కాస్టిక్‌ కలపాలి తప్ప కాస్టిక్‌లో నీళ్లు పోయొద్దు. సీమర్‌లో చేయి పెట్టేముందు కరెంటు, గాలి సరఫరా ఆపి తాళం వేయాల్సిందే, సూపర్‌వైజర్‌ ఎంత తొందరపెట్టినా సరే.

షిఫ్టులుంటాయి, రాత్రిళ్లూ ఉంటాయి. బీరు వద్దనుకుంటే సీఐపీ పని డెయిరీల్లో, జ్యూస్‌ ప్లాంట్లలోనూ ఉంది. కూల్‌డ్రింక్‌ క్యానింగ్‌ లైన్లలో సీమర్‌ పని కూడా ఇదే. అప్రెంటిస్‌షిప్‌ ఇండియా పోర్టల్‌లో రిజిస్టరై వెతకండి. ఈలోపు ఒక ఖాళీ కూల్‌డ్రింక్‌ క్యాన్‌ తీసుకుని, చేతికి గ్లోవ్స్‌ వేసుకుని, అంచును ఓచోట ఆకురాయితో అడ్డంగా అరగదీయండి. భూతద్దంలో ఐదు పొరలు కనిపిస్తాయి: మూతవి మూడు, క్యాన్‌వి రెండు. ఆ మడతను కాగితం మీద గీసి, ఏ పొర ఏదో రాసుకోండి.