పైథాన్‌కు తెలియని తప్పులు

పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ పాఠం ఉంది. సున్నాతో భాగిస్తే జీరోడివిజన్‌ఎర్రర్, సంఖ్యగా మార్చాల్సిన చోట అక్షరాలు వస్తే వాల్యూఎర్రర్. ఇవి పైథాన్‌తో పాటే వచ్చే పేర్లు. మరి పైథాన్‌కు తెలియని తప్పుల సంగతేమిటి?

బదిలీ మీద వెళ్లిపోయే స్నేహితుల చిరునామాలు దాచుకునే ప్రోగ్రాం రాద్దామనుకుందాం. పిన్‌కోడ్ అడిగితే ఒకరు 5300 అని కొట్టారు. పైథాన్ కిమ్మనదు. దాని లెక్కలో అదీ ఒక సంఖ్యే. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌కు ఆరు అంకెలుంటాయని పైథాన్‌కు చెప్పాల్సింది మనమే. చెప్పకపోతే విశాఖకు రాసిన ఉత్తరం ఏ దారి పడుతుందో!

ఇందుకు పిన్‌ఎర్రర్ అనే క్లాసు రాసి, పక్కన బ్రాకెట్లలో ఎక్సెప్షన్ అని పెడతాం. అంటే ఎక్సెప్షన్ తల్లి, మనది పిల్ల. లోపల పాస్ అన్న ఒక్క మాట ఉన్నా చాలు. అంకెలు ఆరు కాకపోతే దాన్ని రైజ్ చేస్తాం, ఎక్సెప్ట్ పట్టుకుని అసలు లోపమేమిటో చెబుతుంది.

వాల్యూఎర్రర్‌నే రైజ్ చేయవచ్చు కదా అంటారేమో. చేయవచ్చు. కానీ అదే ప్రోగ్రాం పుట్టిన సంవత్సరం కూడా అడిగితే, రెండు తప్పులకూ పేరు ఒకటే అవుతుంది. ఏది ఎక్కడ జరిగిందో తేలదు.

పిన్‌ఎర్రర్‌కూ పిల్లలుండవచ్చు. అంకెలు తక్కువైనా ఎక్కువైనా పిన్‌లెంగ్త్‌ఎర్రర్, మొదటి అంకె సరిగా లేకపోతే పిన్‌జోన్‌ఎర్రర్. ఎక్సెప్ట్‌లు రాసేటప్పుడు పిల్లల్ని ముందు, తల్లిని తర్వాత పెట్టాలి. తల్లి ముందుంటే అన్నిటినీ తనే పట్టేసుకుంటుంది, పిల్లల దాకా ఏదీ రాదు.

కోడ్ కంటే నియమం దగ్గరే ఎక్కువ ఆలోచించాలని మాకనిపించింది. మనముండేది ఢిల్లీ చుట్టుపక్కలే కాబట్టి పిన్ 11తో మొదలవ్వాలని రాస్తే, 201301లో ఉండే నోయిడా స్నేహితుడినీ, 122001లో ఉండే గురుగ్రామ్ స్నేహితురాలినీ ప్రోగ్రాం బయటికి నెట్టేస్తుంది. రాష్ట్రాలు చూసుకుని 1 నుంచి 8 వరకే చాలనుకుంటే, నాన్నగారు సైన్యంలో ఉన్నవాళ్ల చిరునామాలు పోతాయి. ఆర్మీ పోస్టాఫీసుల పిన్ 9తో మొదలవుతుంది. కాబట్టి పిన్‌జోన్‌ఎర్రర్ రైజ్ కావాల్సింది సున్నా వచ్చినప్పుడే. అది కూడా పిన్ స్ట్రింగ్‌గా ఉండగానే చూడాలి. సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నా మాయమైపోతుంది.